పట్టేసిన హెడ్‌లైట్ స్క్రూలు: స్ప్రేనా, బ్రేక్ ఆయిలా, కొవ్వొత్తా?

అందరికీ నమస్కారం. ముందు ఈ స్క్రూ చూడండి. కెమెరా ఇంకొంచెం దగ్గరకి... ఆ, అక్కడే ఉంచు. ఇది అంబాసిడర్ హెడ్‌లైట్‌ని పైకీ కిందకీ సర్దే స్క్రూ. దీని తల మీద గాడి ఉంది, కానీ కనబడటం లేదు కదా? తుప్పు, పాత పెయింటు, మట్టి, మూడూ కలిసి గాడిని పూడ్చేశాయి. స్క్రూడ్రైవర్ పెడితే ఇదిగో, ఇలా జారిపోతుంది. ఒక్కో లైటుకి ఇలాంటివి రెండు, బండికి నాలుగు. నాలుగూ పట్టేశాయి. వీటిని కదిలించడానికి జనం చెప్పే మందులన్నీ టేబుల్ మీద పెట్టాను. డబ్బా స్ప్రే, బ్రేక్ ఆయిల్, ఎసిటోన్ కలిపిన ఎర్ర నూనె, చివర్లో ఒక సోల్డరింగ్ ఐరన్, కొవ్వొత్తి. ఏది దేనికి పనికొస్తుందో చూద్దాం.

అసలు ఇంత గొడవ ఎందుకంటే, ఈ బండి లైట్లు రోడ్డుని వదిలేసి చెట్లని చూస్తున్నాయి. ఎదురొచ్చేవాళ్లు డిప్పర్ కొట్టి కొట్టి తిట్టుకుంటూ పోతున్నారు. దీనికి మనవాళ్ల దగ్గర రెండు సొంత వైద్యాలున్నాయి. ఒకటి, అద్దం మీద నల్ల స్టిక్కర్ అంటించడం. దానివల్ల వెలుతురు తగ్గుతుంది తప్ప లైటు చూసే దిక్కు మారదు. రెండోది ఎల్‌ఈడీ బల్బు వేయించడం. ఇది నాకు అస్సలు నచ్చదు. బల్బు వెలుతురుని ముందుకి తోసే ఈ రిఫ్లెక్టర్‌ని 60/55 వాట్ల హెచ్4 బల్బు కోసం, అందులో ఫిలమెంట్ సరిగ్గా ఎక్కడుంటుందో లెక్కేసి చేశారు. ఇంకో రకం బల్బు పెడితే ఆ లెక్క పోతుంది. పైగా లైటు ఇప్పటికే పైకి చూస్తోంది. దానికి ఇంకా వెలుతురు పోస్తే ఎదుటివాడి కళ్లకే నష్టం.  

విప్పడం తేలికే. క్రోమ్ రింగుకి కింద ఒకే స్క్రూ ఉంటుంది. అది తీసి రింగుని కింద నుంచి పైకి లాగితే ఊడొస్తుంది. లోపల ఏడు అంగుళాల గుండ్రటి లైటు. దీని చుట్టూ చిన్న స్క్రూలు మూడున్నాయి, అవి లైటుని రింగులో పట్టుకునేవి. చాలామంది వీటినే అడ్జస్టర్లు అనుకుని తిప్పేస్తారు. అడ్జస్టర్లు వేరు. పైన ఉన్నది పైకీ కిందకీ, పక్కన ఉన్నది కుడీ ఎడమకీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండి కదా, లైటు కూడా అప్పటి ఇంగ్లిష్ కార్ల పద్ధతిలోనే ఉంటుంది.

లైటు తీసి, వెనక మూడు కాళ్ల కనెక్టర్ ఊడదీశాక, ఇది చూడండి. నట్టు దాటి బయటికొచ్చిన ఈ తోక ఉందే, అసలు శత్రువు ఇదే. నట్టు లోపల ఉన్న మర కాస్త బాగానే ఉండొచ్చు. బయట ఉన్న ఈ భాగం మాత్రం చక్రం ఎగజిమ్మిన నీళ్లు, మట్టి తిని తిని ఇలా లావెక్కింది. ఇప్పుడు స్క్రూ విప్పితే ఈ తుప్పంతా నట్టులోకి ఎక్కి అక్కడ బిగుసుకుంటుంది. తల తెగి చేతికొస్తుంది. కాబట్టి ఏ మందైనా కొట్టే ముందు తోకని వైరు బ్రష్షుతో, మర కనబడేదాకా రుద్దండి. బోరు కొట్టే పనే, కానీ ఈ వీడియోలో ఒక్క సలహా పాటించాలంటే ఇదే పాటించండి.

ఇప్పుడు మందులు. మొదటిది అందరింట్లో ఉండే నీలం, పసుపు డబ్బా, డబ్ల్యూడీ-40. పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తరిమేది అని అర్థం, 40 అంటే నలభయ్యో ఫార్ములా. 1953లో శాండియాగోలో తుప్పు రాకుండా ఆపడానికి పుట్టింది. ఆ పని బాగా చేస్తుంది. ఇప్పటికే ముదిరిన తుప్పులోకి దిగడంలో మాత్రం నెమ్మది. ఎడమ లైటు పై స్క్రూకి రాత్రంతా పట్టించి ఉంచాను. గాడిలో మురికి మొత్తం కరిగి శుభ్రంగా వచ్చింది. స్క్రూ కదల్లేదు. ఇలాంటి పనికి అదే కంపెనీ పెనట్రెంట్ అని వేరే డబ్బా అమ్ముతుంది. కొనేటప్పుడు లేబుల్ చదవండి.

రెండోది మన షెడ్ల మందు, బ్రేక్ ఆయిల్. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా పట్టేసిన బోల్టు మీద నాలుగు చుక్కలు పోసి టీకి వెళ్తారు. లోపలికి దిగుతుంది, కాదనను. కానీ పెయింట్ తినేస్తుంది. ఇదిగో పాత బానెట్ ముక్క, దీని మీద చుక్క వేసి ఉంచాను. గోరుతో గీకితే పెయింట్ పొరలా లేస్తోంది చూశారా? హెడ్‌లైట్ చుట్టూ ఉన్నదంతా పెయింటే. ఛాసిస్ కింద బోల్టుకి సరే, ఇక్కడ వద్దు.

మూడోది ఎసిటోన్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం. కొట్లో ఎర్రటి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, అడగండి. ఈ రెండూ కలవవు, ప్రతి చుక్కకి ముందు సీసా కుదపాలి. కుడి లైటు పై స్క్రూ దీనికి కాస్త కదిలింది. డబ్బా స్ప్రే కన్నా నయం. కానీ ఎసిటోన్ ఇట్టే అంటుకునే సరుకు, పెయింటుకీ ప్లాస్టిక్‌కీ పడదు. దూదితో తోక మీద మాత్రమే అద్దండి. రిఫ్లెక్టర్ వైపు ఒక్క చుక్క కూడా పోనివ్వొద్దు. లోపలి మెరుపు పూతని తుడిస్తే మళ్లీ రాదు.

ఇక నాకు బాగా నచ్చినది. సోల్డరింగ్ ఐరన్. గ్యాస్ టార్చి పెడితే పెయింటు, రబ్బరు అన్నీ కాలతాయి. ఇది అలా కాదు, ముక్కు స్క్రూ తలకి ఆనించి పట్టుకుంటే వేడి స్క్రూలోకే పోతుంది. ముందు పూసిన నూనె, ఎసిటోన్ అంతా తుడిచి ఆరాకే ఈ పని. వందకి దగ్గర వాట్లది అయితే త్వరగా అవుతుంది. స్క్రూ బాగా వేడెక్కాక కొవ్వొత్తి అంచు మర దగ్గర ఆనించండి. చూడండి, మైనం కరిగి... పోయింది, లోపలికి పీల్చుకుంది. కాస్త చల్లారనివ్వండి. కుడి లైటు పక్క స్క్రూకి ఈ వైద్యమే చేశాను. దీనికి నేను పది రూపాయల మైనం ఖర్చు పెట్టాను, స్ప్రే డబ్బా ధరతో పోల్చుకోండి. స్ప్రేకి లొంగని ఎడమ లైటు పై స్క్రూ కూడా దీనికే లొంగింది.

మందుల కన్నా పెద్ద సంగతి ఒకటుంది, పట్టు. ఈ స్క్రూలు సన్నవి. బలం పెడితే తల పోతుంది. గాడికి సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. మారుతి లాంటి జపాన్ పద్ధతి బండ్లలో ప్లస్ గాడి జేఐఎస్ రకం కావొచ్చు, మామూలు ఫిలిప్స్ అందులో జారి అంచులు తినేస్తుంది. జారుతుంటే స్క్రూడ్రైవర్ కొనకి కాస్త వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ పూయండి. ఇంజన్ పని చేసే షెడ్డులో అడిగితే వేలి కొనంత ఇస్తారు. ఆ గరుకు గాడిని పట్టేసుకుంటుంది. నాలుగు డబ్బాల డబ్బులు ఈ పేస్టు ముందు దండగ, నా మటుకు.

తిప్పడం కూడా ఓపికగా. ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు కొద్దిగా. కిర్రుమంటే ఆగి మళ్లీ చుక్క వేసి వెనక్కి. మొత్తం ఒకేసారి విప్పేయాలని చూడకండి, ఇది పెళ్లివారి లగేజీ మూట కాదు. కదిలాక స్క్రూ తీసేసి, మర తుడిచి, మళ్లీ పట్టేయకుండా ఆపే రాగి యాంటీ-సీజ్ గ్రీజు పూసి బిగించండి.

ఇప్పుడు గోడ దగ్గరకి వెళ్దాం. చదునైన నేల, టైర్లలో సరైన గాలి, డ్రైవర్ సీట్లో ఒక మనిషి. గోడకి పది మీటర్ల దూరంలో బండి. లైటు మధ్య భాగం నేలకి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద గీత గీయండి. లో బీమ్ పై అంచు ఆ గీతకి పది సెంటీమీటర్లు కింద పడాలి. అయిదు మీటర్ల స్థలమే ఉంటే అయిదు సెంటీమీటర్లు. మనది ఎడమ వైపు నడిచే దేశం కాబట్టి ఎడమ పక్క అంచు కాస్త పైకి లేచి ఉండటం మామూలే. దాన్ని కూడా దించేయకండి. పై స్క్రూ లోపలికి బిగిస్తే లైటు పైకి చూస్తుంది, విప్పితే కిందకి. ఎంత దించినా చాలకపోతే వెనక కమాన్ పట్టీలు చూడండి. అవి కుంగితే ముక్కు లేస్తుంది, లైటూ లేస్తుంది. అప్పుడు దోషం స్క్రూది కాదు.

మారుతి 800 లాంటి బండ్లవాళ్లకి చివరిగా ఒక మాట. వాటిలో అడ్జస్టర్ నట్టు, స్క్రూ కొనన ఉండే బంతి లాంటి గుండు ప్లాస్టిక్‌వి అయితే ఇప్పుడు చూపించిన వేడి, ఎసిటోన్, థిన్నర్, ఏదీ వద్దు. పాతబడిన ప్లాస్టిక్ చిటుక్కుమని విరుగుతుంది. గోరువెచ్చని నీళ్ల గుడ్డ చుట్టి, సిలికాన్ స్ప్రే కొట్టి, చేత్తో ఆడించి చూడండి. దానికీ రాకపోతే, మీ స్పేర్ పార్ట్స్ కొట్టులో ఆ అడ్జస్టర్ విడిగా దొరుకుతుందో, మొత్తం లైటే కొనాలో ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.