వాడేసిన ఇంధనం ఎవరి దగ్గర, ఎన్నాళ్లు?

అందరికీ నమస్కారం.

పదేళ్ల కిందట రష్యా రియాక్టర్లకు కావలి దగ్గర స్థలం చూస్తున్నారని పత్రికల్లో వచ్చినప్పుడు, టీ కొట్ల దగ్గర నాకు వినబడినవి రెండే మాటలు. ఎకరానికి ఎంతిస్తారు? పేలితే మన గతేంది? రెండూ అడగాల్సినవే. కానీ రియాక్టర్‌లో మండించేశాక ఆ ఇంధనం ఎక్కడికి పోతుందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఆ పాత ప్రతిపాదన సంగతి పక్కన పెట్టండి. 2047కల్లా లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు కావాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడున్నది తొమ్మిది వేలకు కాస్త తక్కువ. అంత కట్టాలంటే సముద్రం, రేవు, రైలు, హైవే దగ్గర దగ్గరగా ఉన్న తీరాలన్నీ లెక్కలోకి వస్తాయి. కృష్ణపట్నం నుంచి రామాయపట్నం దాకా మనది అట్లాంటి తీరమే.

నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. ఇదే తీరంలో దక్షిణాన, తమిళనాడులో కల్పాక్కం అణు కేంద్రం ఉంది. 2004 సునామీ రోజున అక్కడ నడుస్తున్న యూనిట్ పంపుల దగ్గరికి సముద్రపు నీళ్లు వచ్చేశాయి. అయినా రియాక్టర్‌ను క్షేమంగా ఆపారు. మన ఇంజనీర్ల పనితనం మీద నాకు అనుమానం లేదు. అనుమానమల్లా కాగితాల మీదే.

రియాక్టర్ నుంచి తీసిన ఇంధన కడ్డీలు విపరీతమైన వేడితో, రేడియేషన్‌తో ఉంటాయి. వాటిని ఏళ్ల తరబడి లోతైన నీటి పూల్‌లో ఉంచాలి. మన దేశీయ 700 మెగావాట్ల భారజల రియాక్టర్ ఒక్కటి ఏడాదికి సుమారు వంద టన్నుల ఇంధనం వాడి పక్కన పెడుతుంది. థర్మల్ బూడిదతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. కాకపోతే అందులో ఉండే ప్లుటోనియం సగానికి తగ్గాలంటేనే 24 వేల ఏళ్లు పడుతుంది.

దీన్ని మన ప్రభుత్వం చెత్త అనదు, వనరు అంటుంది. రీప్రాసెసింగ్ చేసి ప్లుటోనియం, యురేనియం వేరు చేస్తారు. మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరిచి భద్రపరుస్తారు. ట్రాంబేలో 1960ల నుంచే ఈ పని మొదలైంది, తర్వాత తారాపూర్, కల్పాక్కం వచ్చాయి. మంచి ఆలోచనే. అయితే ఆ ప్లుటోనియాన్ని వాడుకోవాల్సిన ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ సంగతి చూడండి. కల్పాక్కంలో 2004లో పని మొదలుపెట్టారు. దాని గుండెకాయ లాంటి కోర్‌లో భాగాల అమరిక మొదలైంది 2024 మార్చిలో. ఇరవై ఏళ్లు! సాంకేతికంగా కష్టమైన పని, తప్పుపట్టను. కానీ ఆ పథకం ఎంత ఆలస్యమైతే వాడేసిన ఇంధనం రియాక్టర్ పక్క ఊళ్లో అంత ఎక్కువ కాలం ఉంటుంది. ఈ ముక్క మాత్రం భూసేకరణ మీటింగుల్లో ఎవరూ చెప్పరు.

కూడంకుళం అణు కేంద్రం చూడండి. 1988 ఒప్పందం ప్రకారం వాడేసిన ఇంధనం రష్యాకు, అంటే అప్పటి సోవియట్ యూనియన్‌కు, తిరిగి వెళ్లాలి. పదేళ్ల తర్వాత ఆ షరతు మారింది, ఇంధనం మన దగ్గరే ఉంటుందన్నారు. పక్క ఊళ్ల వాళ్లను అడిగి మార్చలేదు. 2013లో సుప్రీంకోర్టు ముందు, రియాక్టర్లకు బయట ఒక నిల్వ కేంద్రం ఐదేళ్లలో కడతామన్నారు. గడువు దాటింది, మళ్లీ పొడిగింపు అడిగారు. 2019లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టబోతే జనం ఎదురు తిరిగారు, వాయిదా వేశారు. ఇక 2012లో కోలార్ బంగారు గనుల్లో వ్యర్థాలు పెడతారన్న మాట బయటికి రాగానే అక్కడ గొడవలైపోయాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ముందు నిర్ణయం చేసి తర్వాత జనానికి చెబితే ఇట్లాగే ఉంటుంది.

ఫిన్లాండ్‌లో అట్లా చేయలేదు. ఒల్కిలుతో దగ్గర బండరాతిలో 400 మీటర్లకు పైగా లోతున శాశ్వత నిల్వ సొరంగాలు తవ్వారు. అక్కడి స్థానిక మున్సిపాలిటీకి వద్దనే హక్కు చట్టంలోనే ఉంది. వద్దనగలిగే హక్కు ఉండీ సరేనన్నారు.

అమెరికా కథ నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1998 నుంచి కరెంటు కంపెనీల దగ్గరున్న ఇంధనాన్ని తీసుకెళ్తామని అక్కడి ప్రభుత్వం ఒప్పందాల్లో తేదీ రాసిచ్చింది. యక్కా కొండలో పెడదామనుకుంది. నెవాడా రాష్ట్రం ఒప్పుకోలేదు, ఆ పథకం ఆగిపోయింది. సుమారు 90 వేల టన్నులు ఇవాళ్టికీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ తేదీ రాసి ఉంది కాబట్టి కంపెనీలు కోర్టుకెళ్లి నష్టపరిహారం రాబట్టుకుంటున్నాయి. తేదీ లేని హామీ పట్టుకుని మనం ఏ కోర్టుకెళ్తాం?

ముత్తుకూరు మండలం వాళ్లు ఇక్కడ ఉంటే ఈ మాట బాగా అర్థమవుతుంది. థర్మల్ ప్లాంట్లకు భూములు అడిగినప్పుడు ఉద్యోగాల గురించి గంటలు గంటలు చెప్పారు. మన బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే ఉంటుందని, అది ఎన్నేళ్లు ఎక్కడ పోస్తారని చర్చించినవాళ్లెవరు? ఇప్పుడు ఆరేసిన బట్టల మీద బూడిద పడితే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

2025 డిసెంబరులో పార్లమెంటు అణుశక్తి మీద 'శాంతి' (SHANTI) అనే కొత్త చట్టం చేసింది. 1962 అణుశక్తి చట్టం, 2010 అణు ప్రమాద పరిహార చట్టం రెండింటి స్థానంలో ఇది వచ్చింది. ప్రైవేటు కంపెనీలు లైసెన్సు తీసుకుని రియాక్టర్లు కట్టి నడపొచ్చు. రీప్రాసెసింగ్, తీవ్ర వ్యర్థాల బాధ్యత మాత్రం కేంద్రం చేతిలోనే ఉంటుంది. అది సబబే, ఈ పని ప్రైవేటు చేతికి ఇవ్వకూడదు. ప్రమాదం జరిగితే నడిపేవాళ్ల బాధ్యతకు పెద్ద ప్లాంట్లకైతే 3,000 కోట్లు, చిన్నవాటికి 100 కోట్లు గరిష్ఠ పరిమితి. లోపమున్న పరికరం ఇచ్చినవాడి మీదికి వెళ్లే హక్కు పాత చట్టంలో ఉండేది. ఇప్పుడది ఒప్పందంలో రాసుకుంటేనే, లేదా కావాలని చేశారని తేలితేనే. ఇది నాకు మింగుడు పడలేదు.

డబ్బు సంగతి. ప్లాంటు ఆయుష్షు తీరాక విప్పి శుభ్రం చేయడానికి కరెంటు యూనిట్‌కు రెండు పైసలు వసూలు చేస్తూ వచ్చారు. ఇన్నేళ్లలో పాలు, పెట్రోలు, బస్సు ఛార్జీ అన్నీ ఎంత పెరిగాయో మీకు తెలుసు. ఈ పనికి గట్టి చట్టపరమైన ఏర్పాటు లేదని కాగ్ 2012లోనే తప్పుపట్టింది.

అందుకే రేపు ఎవరైనా సర్వేరాళ్లు తీసుకుని వస్తే ఎకరం రేటు కంటే ముందు ఈ కాగితాలు అడగమంటాను. వాడేసిన ఇంధనం మన ఊళ్లో గరిష్ఠంగా ఎన్నేళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఏ చోటికి పోతుంది? గడువు దాటితే పంచాయతీకి ఏడాదికి ఎంత కడతారు? ఊరి చుట్టూ గాలి, నీళ్లు, చేపల మీద తీసే రేడియేషన్ లెక్కలు తెలుగులో ప్రతినెలా పంచాయతీ బోర్డు మీద పెడతారా? తీరం విషయంలో జువ్వలదిన్నె లాంటి ఊళ్ల మాట మరీ ముఖ్యం. వాళ్లకు పట్టా భూమి లేకపోవచ్చు, చేపల వేట ఉంది. భూమి లేనివాళ్ల పేరు భూసేకరణ జాబితాలో ఉండదు కాబట్టి వాళ్లకు వేరే గ్రామసభ పెట్టించాలి.

ఇవన్నీ కలెక్టరుకు ఇచ్చే అర్జీ రూపంలో రాసి తెచ్చాను, కాపీలు ఆ బల్ల మీదున్నాయి. మార్చాల్సినవి ఉంటే పెన్నుతో అందులోనే రాసివ్వండి. ఇక ప్రశ్నలు అడగండి.