గుట్ట మీద వాన, మన కాడ వరద

అందరికీ నమస్కారం. వెనక కూసున్న తమ్ముళ్లకు మైక్ వినిపిస్తుందా? సరే.

వరద అనంగనే మన పాత పాలమూరు జిల్లోళ్లకు 2009 అక్టోబర్ యాదికొస్తది, కృష్ణా తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగిన సంగతి. అది పెద్ద నది వరద, ఎక్కడో పైన వాన పడితే ఆ నీళ్లు మన దాంక రావడానికి జర టైమ్ పడతది. నేనియ్యాల చెప్పేది అది కాదు, మ్యాపుల పేరు కూడా లేని మన ఒర్రెల గురించి. వాన పడ్డ ఆరు గంటల లోపల, చాలాసార్లు గంట రెండు గంటల్లనే వచ్చి పోతది, దాన్ని ఫ్లాష్ ఫ్లడ్ అంటున్నరు, మనోళ్లేమో "వాగు ఒక్కసారే వచ్చింది" అంటరు, నాకైతే ఆ మాటే కరెక్ట్ అనిపిస్తది.

చిన్న లెక్క చూడుండ్రి. చదరపు కిలోమీటర్ మీద ఒక్క మిల్లీమీటర్ వాన పడితే 10 లక్షల లీటర్లు. ఉమామహేశ్వరం దిక్కు గుట్టల్లెక్క ఒక జాగ, 10 చదరపు కిలోమీటర్ల నీళ్లు ఒకటే ఒర్రెలకు దిగుతయనుకోండి, అక్కడ 100 మిల్లీమీటర్లు కొట్టింది. 100 కోట్ల లీటర్లు! సగం ఇంకిపోయినా మిగిలిన సగం రెండు గంటల్ల దిగిందంటే సుమారు 2,450 క్యూసెక్కులు. రెండు పైపులేసి మట్టి పోసిన కల్వర్టు దీన్నేం ఆపుతది? పైగా సగం ఇంకుతదన్నది కూడా ఆశే, నల్లమల గుట్టల మీద మన్ను పలచన, కింద రాయి, నాలుగొద్దులు ముసురు పట్టి ఉన్నదంటే ఇంక ఇంకేదేం లేదు. నాలుగు దిక్కుల పాయలు ఒకటే టైమ్‌కు ఒక్క కాడ కలిస్తే నీళ్లు గోడ లెక్క వస్తయి.

చిన్నప్పుడు మా ఊరి వాగుల ఒకసారి బట్టలుతుకుతున్నరు, నెత్తి మీద ఎండ. ఉన్నట్టుండి నీళ్లు ఎర్రగైనయి, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినయి, దూరంగ లారీ వస్తున్నట్టు చప్పుడు. మా నాయినమ్మ ఒక్కటే కేకేసింది, ఉరికినం. గిన్నెలు, బట్టలు పోయినయి, మేం మిగిలినం. ఆమెకు హైడ్రాలజీ ఏడ తెల్వాలె, కానీ ఎండున్నా వరద రావచ్చని తెల్సు!

ఇంకో సంగతి, గొలుసుకట్టు చెరువులు. పై కుంటకు గండి పడితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతయి, అదీ తెగితే ఇంకో చెరువు. పై కుంట మత్తడిల, అంటే నిండినంక నీళ్లు బయటికి పొర్లే దారిల, తుమ్మ చెట్లు మొలిచి అడ్డం పడితే అది కింది ఊరి సమస్య, కానీ ఎవ్వరం అట్ల అనుకోం.

వాతావరణ శాఖ 2020 నుంచి ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్, అంటే ఇసొంటి వరద రావచ్చన్న హెచ్చరిక, ఇస్తుంది, ఆరు గంటల ముందు, 24 గంటల ముందు. మంచిదే, కానీ ఏ ఒర్రె ఎన్నింటికి వస్తదో అందుల ఉండదు, అది గుట్ట కిందోళ్లే చూసుకోవాలె. రాత్రి పూట బండి మీద లోలెవల్ వంతెన కాడికొస్తరు, "మోకాలు లోతే కదా" అంటరు. జోరుగ పారే నీళ్లు జానెడున్నా మనిషిని పడేస్తయి, అడుగు లోతుకు చిన్న కారు తేలుతది. కింద రోడ్డు కోసుకపోయిందో లేదో లైట్ల కనపడనే కనపడదు.

అందుకే మన వంతెనలకు అటొకటి ఇటొకటి కొలత కర్రలు పాతుదాం, అడుగు కాడ ఎర్ర గీత. రేపు పొద్దుగాల ఏడింటికి నేనొస్తా, పెయింట్ డబ్బా నాది, బ్రష్షులు మీరు తెచ్చుకోండ్రి.