ఫీబీని సిమ్యులేటర్‌లోకి తేవాలంటే

అందరికీ నమస్కారం. అంతరిక్ష ప్రయాణ సిమ్యులేటర్‌లో కొత్త ఉపగ్రహం పెడదాం అనగానే మనవాళ్లు పరిగెత్తేది మెష్ (3D ఆకారం), టెక్స్చర్ల (పైన అతికించే బొమ్మలు) దగ్గరికే, స్క్రీన్‌షాట్ బాగా రావాలి కదా మరి! అది ఆఖర్న చూసుకోవచ్చు, ముందు కక్ష్య సంగతి తేల్చుకోండి. శని ఉపగ్రహం ఫీబీనే తీసుకుందాం. 1899లో ఖగోళ శాస్త్రవేత్త పికరింగ్ ఫొటో ప్లేట్ల మీద పట్టుకున్నాడు. వెడల్పు 213 కి.మీ., ఉండేది టైటాన్ కంటే పదింతల దూరంలో, సుమారు 1.3 కోట్ల కి.మీ. అవతల. పైగా పెద్ద ఉపగ్రహాలన్నీ తిరిగే దిక్కుకి ఎదురు తిరుగుతూ ఒక్క చుట్టుకి దాదాపు 550 రోజులు తీసుకుంటుంది.

ఎదురు తిరగడం అంటే వేగానికి మైనస్ పెట్టేయడం కాదండీ. ఆర్బిటర్ లాంటి సిమ్యులేటర్లలో కక్ష్య వంపు 90 డిగ్రీలు దాటితే చాలు, ఫీబీకి సుమారు 175. కానీ ఏ తలం నుంచి? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. దగ్గరి ఉపగ్రహాలకి శని మధ్యరేఖ నుంచి కొలుస్తారు. ఫీబీ ఉన్న దూరంలో శని నడుం లావు (మధ్యరేఖ దగ్గరి ఉబ్బు) పెద్దగా లెక్కలోకి రాదు, దాని దారిని వంచేది సూర్యుడే, అందుకని భూకక్ష్యా తలం నుంచి కొలుస్తారు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ ఒక్క లైను తప్పితే కక్ష్య సుమారు 28 డిగ్రీల దాకా పక్కకి పోతుంది, భూకక్ష్యా తలానికి శని మధ్యరేఖ వంపు అంత మరి. సూర్యుడి లాగుడు ఆగదు కాబట్టి ఎప్పటివో పాత కక్ష్య విలువలు వాడకండి, మీరు ఎగరబోయే తేదీకి జేపీఎల్ హొరైజన్స్ (గ్రహాలు, ఉపగ్రహాలు, నౌకల స్థానాలు చెప్పే నాసా ఆన్‌లైన్ సేవ) నుంచి కొత్తవి తెచ్చుకోండి.

భ్రమణం 9 గంటల 17 నిమిషాలు. మన చందమామలా ఒకే ముఖం చూపించదు, ఆ సెట్టింగ్ తీసేయండి.

గురుత్వం మాత్రం భలే సరదా. నేల మీద అర మీటరు ఎగిరే మనిషి అక్కడ 100 మీటర్లు లేస్తాడు, ఎగిరి మళ్లీ కిందికి రావడానికి మొత్తం రెండు నిమిషాలు పడుతుంది. పలాయన వేగం సెకనుకి 100 మీటర్లే, ఇంజన్ కాస్త గట్టిగా నొక్కితే ఓడ మళ్లీ రాదు. జేసన్ బిలం ఒక్కటే 100 కి.మీ. వెడల్పు, మీ సిమ్యులేటర్ ఫీబీని నున్నటి గోళంగా లెక్కేసిందా, ఓడ ఆ బిలం మీద గాల్లోనే దిగుతుంది.

సరిచూసుకోవడానికి తేదీని 2004 జూన్ 11కి తిప్పండి. కసీని అంతరిక్ష నౌక ఆ రోజు 2,068 కి.మీ. దూరం నుంచి ఫీబీని దాటింది. అది అన్నిటికన్నా దగ్గరగా వెళ్లిన క్షణానికి గడియారం పెట్టి, హొరైజన్స్‌లో ఆ క్షణానికి కసీని స్థానం తీసుకుని అక్కడ ఒక ఓడ పెట్టండి, ఫీబీకి దాని దూరం వేలల్లో కాక లక్షల్లో వస్తే ముందు ఆ తలం లైను చూడండి.