కాలి కింది పెట్టె ఖరీదు

శ్రోతలందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్లిన వారానికి అంబాజీపేట నుంచి ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. 22 ఏళ్లుంటాయి. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాడు, పండగలకీ పెళ్లిళ్లకీ ఆర్కెస్ట్రాతో తిరుగుతాడు. పండగ మూడు రోజులూ నిద్ర లేకుండా ప్రోగ్రాములు చేసి దాచుకున్న డబ్బుతో పెడల్ కొందామని ఉందట. ఫోన్‌లో బొమ్మ చూపించాడు. అరచేతిలో పట్టేంత రేకు పెట్టె, పైన మూడు నాబ్‌లు, ఒక స్విచ్. అమెరికాలో చేత్తో చేసినది. ఇక్కడికి వచ్చేసరికి 32 వేలు.

"మాస్టారండీ, ఇది కొంటే నా సౌండ్ మారుద్దా అండీ?" అని అడిగాడు.

నేను 30 ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. పెడళ్లు విప్పి సోల్డరింగ్ చేసి బాగు చేయడం కూడా నా పనే. అయినా ఔననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ పూటంతా కూర్చుని మాట్లాడుకున్నాం. అవే మాటలు ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

పెడల్ అంటే తెలియని వారి కోసం ముందు నాలుగు ముక్కలు. ఎలక్ట్రిక్ గిటార్ తీగ మీటితే, దాని కింద అయస్కాంతానికి చుట్టిన సన్నటి రాగి తీగలో చిన్నపాటి కరెంటు పుడుతుంది. అది కేబుల్ గుండా యాంప్లిఫయర్‌కి వెళ్తుంది. ఆ దారి మధ్యలో నేల మీద పెట్టి కాలితో నొక్కే పెట్టె పేరే పెడల్. కొన్ని పెడళ్లు స్వరాన్ని ప్రతిధ్వనిలా తిప్పి వినిపిస్తాయి. ఓవర్‌డ్రైవ్ అనేది స్వరానికి కాస్త గరుకు, కాస్త వేడి ఇస్తుంది. చరణానికీ చరణానికీ మధ్య గిటార్ గొంతెత్తి పాడినట్టు వినిపిస్తుందే, అది చాలాసార్లు దీని పనే.

లోపల జరిగేది చెప్పలేనంత రహస్యమేమీ కాదు. సిగ్నల్‌ని ముందు పెద్దది చేస్తారు. తర్వాత ఎదురెదురుగా పెట్టిన రెండు డయోడ్లు, అంటే కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే చిన్న పార్టులు, ఆ అల తలనీ అడుగునీ కత్తిరిస్తాయి. కత్తిరించిన చోట కొత్త అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు పుడతాయి, వాటినే మన చెవి గరుకుగా వింటుంది. 1970ల చివర్లో జపాన్ నుంచి ఐబానెజ్ పేరుతో ట్యూబ్ స్క్రీమర్ వచ్చింది. అందులో వాడిన 4558 చిప్ మామూలు ఆడియో సామాన్లలో దొరికే సరుకే. ఇవాళ బొటీక్ అని, అంటే కొద్ది సంఖ్యలో చేత్తో చేసినవని పేరు పెట్టి అమ్మే ఓవర్‌డ్రైవ్‌లలో చాలా వాటికి అదే తల్లి. ఒక కెపాసిటర్ మార్చి, ఒక రెసిస్టర్ మార్చి, కొత్త రంగు వేసిన వాటిని నేనే మూత విప్పి చూశాను. చిప్పు, డయోడ్లు, మిగతా చిన్న పార్టులూ అన్నీ కలిపినా ఒకటి రెండు వందల రూపాయల సరుకు. వాటికంటే అల్యూమినియం పెట్టెకీ, తొక్కుడు స్విచ్‌కీ, జాక్‌లకీ ఎక్కువవుతుంది.

ఆ లెక్క చెప్పగానే కుర్రాడు, "అయితే మోసమేనంటారా?" అన్నాడు. కాదు. ఆ మాట నేను ఒప్పుకోను. ఉప్పాడ జాందానీ చీరకి పట్టిన పట్టు ఎంత, జరీ ఎంత అని లెక్కగట్టి, ఇంతేగా అని మగ్గం మీద కూర్చున్న మనిషితో అనగలమా? బాస్ కంపెనీ 1978లో తెచ్చిన డీఎస్-1 పెడల్‌ని ఇప్పటికీ చేస్తోంది. అన్ని వేల పెట్టెలు చేసేచోట ఒక్కోదాని మీద ఖర్చు తగ్గుతుంది. ఇద్దరు మనుషులు బల్ల ముందు కూర్చుని నెలకి కొద్ది పెట్టెలు చేసేచోట అద్దె, జీతం, పాడైతే వెనక్కి తీసుకుని బాగుచేసే పని, అన్నీ ఆ కొద్ది పెట్టెలే మోయాలి. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్, జీఎస్‌టీ పైన. ముంబైలో యానిమల్ ఫ్యాక్టరీ యాంప్లిఫికేషన్ వారిలా మన దేశంలోనూ చేత్తో పెడళ్లు చేసేవారున్నారు. అలాంటివారి దగ్గర కొంటే కనీసం ఆ కస్టమ్స్ బరువు ఉండదు.

చేతి పనికి ఇచ్చే డబ్బు వేరు, దొరకదనే భయంతో ఇచ్చే డబ్బు వేరు. క్లాన్ సెంటార్ అనే పెడల్ సంగతి చెప్పాను అతనికి. బిల్ ఫినెగన్ అనే అమెరికన్ 1994 నుంచి 2000 దశకం చివరిదాకా దాదాపు 8,000 పెట్టెలు చేశాడు. సర్క్యూట్ ఎవరికీ కనబడకుండా దాని మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోశాడు. కొత్తగా అమ్మినప్పుడు కొన్ని వందల డాలర్లు. ఇవాళ పాతది కొనాలంటే కొన్ని వేల డాలర్లు. ఆ డిజైన్‌లో నిజంగానే తెలివి ఉంది. లోపలే ఓల్టేజిని పెంచుకుని సిగ్నల్‌కి ఎక్కువ చోటు ఇస్తుంది. కానీ ఔత్సాహికులు ఆ ఎపాక్సీ గీకి సర్క్యూట్ బయట పెట్టేశారు, అన్ని ధరల్లోనూ నకళ్లు వచ్చేశాయి. ఫినెగన్ తానే 2012లో కేటీఆర్ అని చిన్న పెడల్ తెచ్చాడు. జనాన్ని ఇంతగా చికాకు పెట్టే హడావిడి తాను చేసింది కాదని దాని మీదే అచ్చు వేయించాడు. చేసినవాడే అంత మాట రాసుకున్నాక, మనం పాతదాని కోసం అప్పులు చేయడం నాకు బాధగా అనిపిస్తుంది.

తర్వాత వినికిడి పరీక్ష పెట్టాను. నా దగ్గర 24 వేలకి కొన్న చేతి తయారీ ఓవర్‌డ్రైవ్ ఒకటి ఉంది. అదే జాతి సర్క్యూట్‌తో 2,500 రూపాయల చైనా పెడల్ కూడా ఉంది. మా మేనల్లుడినీ, కీబోర్డు వాయించే పక్కింటి అబ్బాయినీ పిలిచి, ముగ్గురినీ గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. మొదటి విడతలో ముగ్గురూ ఒకే పెడల్‌ని మెచ్చుకున్నారు. అది చైనాది. కారణం నాకు తెలుసు, దాని వాల్యూమ్ ఒక పిసరు ఎక్కువ పెట్టాను. ఒకే శబ్దం కొంచెం గట్టిగా వినిపిస్తే మన చెవికి అది మంచి శబ్దం అనిపిస్తుంది. షాపులో, వీడియోలో మనం మోసపోయేది ఇక్కడే. రెండో విడతలో మీటర్ పెట్టి వాల్యూమ్ సమానం చేశాను. ఈసారి ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. పరీక్ష అయ్యాక ఏది ఏదో చూపిస్తే ఆ కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఖరీదైనది మన వాతావరణానికి ఓర్చుకుంటుందని కూడా అనుకోవద్దు. ఫజ్ అని, ఓవర్‌డ్రైవ్ కంటే మొరటు గరుకు ఇచ్చే ఇంకో రకం పెడల్ ఉంది. 1966లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫజ్ ఫేస్‌లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటికీ వాటి కోసం పాత స్టాకులు వెతికి, ఒక్కొక్కటీ కొలిచి ఏరి పెడల్ చేస్తారు. ధర కూడా అలాగే ఉంటుంది. కానీ జెర్మేనియానికి ఎండ పడదు. వేడి పెరిగేకొద్దీ లోపల లీకేజీ కరెంటు పెరిగిపోతుంది, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకీ రెట్టింపు. ఓల్టేజీలు జరిగిపోయి గొంతు పీలగా, తెగిపోతున్నట్టు అవుతుంది. ఒకసారి వైశాఖంలో రాజోలు దగ్గర తీర్థంలో వాయిస్తున్నాం. రాత్రి ఎనిమిదైనా ఉక్క తగ్గలేదు, నెత్తిన ఫోకస్ లైట్లు. రెండో పాటకే నా ఫజ్ గొంతు పోయింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పక్కన కూల్‌డ్రింకుల కొట్టులో ఐసు పెట్టెలో పావుగంట పెట్టించాను. మళ్లీ పలికింది. లండన్ చలిలో పుట్టిన డిజైన్ అది. సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసిన చవక ఫజ్‌కి ఈ బాధ ఇంతలా ఉండదు. గోదావరి జిల్లాల్లో ఆరుబయట వాయించే వారికి నేను సిలికాన్‌దే కొనమంటాను.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. జనరేటర్ మీద నడిచే స్టేజికి చాలాచోట్ల సరైన ఎర్త్ ఉండదు. చవక అడాప్టర్‌తో నాలుగు పెడళ్లకి కరెంటు పంచితే హమ్మని రొద. ఆ రొదని 32 వేల పెడల్ ఇంకా పెద్దది చేసి వినిపిస్తుంది, ఎందుకంటే సిగ్నల్‌ని పెంచడమే దాని పని. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలికి జాక్‌లకి చిలుము పడుతుంది. కేబుల్ పెట్టి తీస్తుంటే కరకరమంటుంది. దానికి మందు ఒక కాంటాక్ట్ క్లీనర్ డబ్బా.

మాటల్లో పాలకొల్లు ప్రస్తావన వచ్చింది. మాండలిన్ యు. శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. మాండలిన్‌కి మామూలుగా జంట తీగలు నాలుగు జతలు. గమకానికి అవి అడ్డమని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కి విడి తీగలు అయిదు పెట్టించుకున్నారు. తన చెవికి ఏం కావాలో ఆయనకి ముందు తెలుసు, వాద్యాన్ని దానికి తగ్గట్టు మార్చుకున్నారు. మన కుర్రాడి గిటార్ తీసి చూస్తే ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు మెట్లు, అరిగి గుంటలు పడ్డాయి, తీగలు తుప్పు పట్టాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం సరిగ్గా పలకడమే లేదు.

"మరి మీరు 24 వేలది ఎందుకు ఉంచుకున్నారండీ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నెమ్మదిగా మీటితే అది శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరుకవుతుంది, ఆ రెండింటి మధ్య మార్పు నా వేళ్లకి చాలా ఇష్టం. వినేవారికి ఆ తేడా తెలియదని నాకు తెలుసు. అప్పు చేయకుండా కొన్నాను, పాడైనప్పుడు చేసినతనే బాగుచేసి పంపాడు. ఆ డబ్బు గురించి నాకు విచారం లేదు.

కుర్రాడు ఫ్రెట్లు సరిచేయించుకున్నాడు. కొత్త తీగలు వేశాడు. మంచి పవర్ సప్లై ఒకటి, 2,500 పెడల్ ఒకటి కొన్నాడు. గత నెల నుంచి ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వచ్చి సోల్డరింగ్ నేర్చుకుంటున్నాడు. పోయిన వారం తానే ఒక ఓవర్‌డ్రైవ్ కట్టాడు. ఒక డయోడ్ తిరగేసి పెట్టడంతో రెండూ ఒకే వైపుకి తిరిగాయి, అల ఒక పక్కే తెగింది. విప్పి సరిచేద్దామని ఐరన్ వేడి చేశాను. "ఆయ్, ఉండండి మాస్టారండీ, ఇంకోసారి వింటాను" అన్నాడు. పావుగంట వాయించాడు. ఆ గొంతు అతనికి నచ్చింది. అలాగే ఉంచి మూత బిగించాం.