పిండి పిసకక్కర్లేని బ్రెడ్: ఆన్‌లైన్ రెసిపీని మన వంటింటికి ఎలా తెచ్చుకోవాలి?

నమస్కారమండీ. ఇంట్లో బేకింగ్ మొదలుపెట్టాలనుకునే వాళ్ళు ముందుగా అడిగేది కేక్ గురించే. నేను మాత్రం బ్రెడ్‌తో మొదలుపెట్టమంటాను. అందులోనూ ఒక ప్రత్యేకమైన బ్రెడ్ ఉంది. దానికి పిండి పిసికే పని లేదు, మెషీన్ అక్కర్లేదు, గుడ్లు, వెన్న, చక్కెర ఏవీ వద్దు. మైదా, నీళ్ళు, ఉప్పు, చిటికెడు ఈస్ట్ ఉంటే చాలు. ఇంటర్నెట్ పుణ్యమా అని ఇళ్ళకు చేరిన రెసిపీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఎందుకో చెప్తాను.

2006 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ అనే వంటల రచయిత దీని గురించి రాశారు. రెసిపీ ఆయన సొంతం కాదు, జిమ్ లేహీ అనే బేకర్‌ది. లేహీ ఇటలీలో బ్రెడ్ పని నేర్చుకుని వచ్చి, 1994లో న్యూయార్క్‌లో సల్లివన్ స్ట్రీట్ బేకరీ పెట్టారు. ఆ వ్యాసంతో పాటు ఇద్దరూ కలిసి చేసిన చిన్న వీడియో కూడా వచ్చింది. అప్పటికి యూట్యూబ్ పుట్టి రెండేళ్ళు కూడా కాలేదు. చూసినవాళ్ళు చేశారు, చేసినవాళ్ళు ఫొటోలు పెట్టారు, అలా అది దేశాలు దాటింది. ఎక్కువగా బేకర్ల చేతుల్లోనే కనిపించే ఒక పని, ఎప్పుడూ బ్రెడ్ చేయని వాళ్ళ ఇళ్ళలోకి వచ్చేసింది. పెద్ద బేకరీ నడిపే మనిషి తన పనిలోని కీలకాన్ని అలా అందరి ముందూ పెట్టడం నాకు ఇప్పటికీ చాలా గొప్పగా అనిపిస్తుంది.

కొలతలు చెప్తాను, రాసుకోండి. మైదా 400 గ్రాములు, నీళ్ళు 300 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ 1 గ్రాము. ఈస్ట్ అంటే పావు టీస్పూన్ అన్నమాట. అన్నీ ఒక గిన్నెలో వేసి, పొడి పిండి కనపడకుండా గరిటెతో కలిపేసి, మూత పెట్టి వదిలేయాలి. పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు. మధ్యలో దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

మరి పిసకకపోతే బ్రెడ్ ఎలా పొంగుతుంది? మైదాలో ఉండే ప్రొటీన్లు నీళ్ళు తగలగానే కలిసి గ్లూటెన్ అవుతాయి. ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచేది ఆ గ్లూటెనే. మనం పిసికేది దాన్ని సాగదీసి, ఒక వరసలోకి తెచ్చి, బలంగా చేయడానికి. అయితే పిండి బాగా జారుగా ఉండి, చాలా గంటలు కదలకుండా ఉంటే ఆ పని దానంతటదే జరుగుతుంది. లోపల పుట్టే బుడగలే పిండిని మెల్లగా సాగదీస్తాయి. ఈస్ట్ తక్కువ వేయడానికీ కారణం ఇదే. తొందరపడి పొంగిపోకుండా అన్ని గంటలూ నెమ్మదిగా పనిచేయాలి కదా. ఆ నెమ్మదిలోనే రుచి కూడా వస్తుంది. రెండు గంటల్లో పొంగించిన బ్రెడ్‌కి అంత రుచి ఉండదు.

ఇక్కడే మన వంటిల్లు వస్తుంది. ఆ పన్నెండు, పద్దెనిమిది గంటల లెక్క 21 డిగ్రీలు ఉండే గదికి. ఏప్రిల్లో విజయవాడలోనో, ఖమ్మంలోనో వంటింట్లో 35 డిగ్రీలు ఉంటుంది. అక్కడ పద్దెనిమిది గంటలు వదిలేస్తే పిండి పొంగి, కూలిపోయి, పుల్లటి వాసన వేస్తుంది. మన ఎండాకాలంలో అందులో సగం సమయం కూడా అక్కర్లేదు. కాబట్టి గడియారం చూడకండి, పిండిని చూడండి. రెట్టింపు కంటే కాస్త ఎక్కువ పొంగాలి, పైన నిండా బుడగలు కనపడాలి, గిన్నె వంచితే పిండి జెల్లీలాగా ఊగాలి. అప్పుడే అయినట్టు.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదండీ. ఇడ్లీ పిండి పెట్టే ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క తెలుసు. డిసెంబర్లో పిండి గిన్నెను పొయ్యి దగ్గర పెడతాం, మే నెలలో రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతుందని సగం పిండిని ముందే ఫ్రిజ్‌లో పెడతాం. మా పెద్దమ్మ వేలితో పిండి తాకి, వాసన చూసి, ఇంకో గంట ఉండనివ్వమని చెప్పేది. బ్రెడ్ చేసేటప్పుడు కావలసింది సరిగ్గా ఆ చూపే. ఓవెన్ ముందు భయపడే ఆడవాళ్ళకు, మగవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పులియబెట్టడం మీకు ముందే వచ్చు, కొత్తగా నేర్చుకోవలసింది కాల్చడం ఒక్కటే.

మైదా గురించి కూడా ఒక మాట. అమెరికాలో బ్రెడ్ కోసం వాడే పిండిలో ప్రొటీన్ 12, 13 శాతం దాకా ఉంటుంది. మన మామూలు మైదా ప్యాకెట్ల మీద 100 గ్రాములకు పది గ్రాముల చుట్టూ రాసి ఉంటుంది. ప్రొటీన్ తక్కువైతే పిండి అన్ని నీళ్ళు పట్టుకోలేదు. అందుకే మొదటిసారి 300కు బదులు 280 గ్రాముల నీళ్ళతో చేయండి. మరీ గట్టిగా అనిపిస్తే అప్పుడు పెంచుకోవచ్చు.

ఈ 20 గ్రాముల తేడా కప్పులతో ఎప్పటికీ తెలియదు. కిచెన్ స్కేల్ కొనండి. మీరు బేకింగ్ కోసం ఒకే ఒక్క వస్తువు కొనాలంటే అది స్కేలే. అమెరికన్ కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. అందులో మైదాను జల్లించి నింపితే ఒక బరువు, డబ్బాలో ముంచి నింపితే ఇంకో బరువు వస్తుంది. ఒకే కప్పులో 120 గ్రాములూ పట్టొచ్చు, 150 కూడా పట్టొచ్చు. నేను ఆన్‌లైన్‌లో రెసిపీ చూసినప్పుడు మొదట గ్రాములు ఇచ్చారా లేదా అని చూస్తాను. తర్వాత టిన్ను కొలత. ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకూ తొమ్మిది అంగుళాల దానికీ తేడా ఒక్క అంగుళమే కదా అనుకుంటాం. కానీ అడుగు వైశాల్యం పావు వంతు కంటే ఎక్కువ పెరుగుతుంది. కేక్ పల్చబడి, ముందే ఆరిపోతుంది. ఇంకో ఉపయోగపడే లెక్క: ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్ను లేకపోతే, ఏడు అంగుళాల చతురస్రపు టిన్ను దాదాపు సమానం. ఓవెన్ వేడి 350 అని రాశారంటే అది ఫారెన్‌హీట్. మన ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 180 డిగ్రీల సెల్సియస్ పెట్టుకోండి. బటర్‌మిల్క్ అన్నచోట మన పల్చటి మజ్జిగ పోయకండి. వాళ్ళది చిక్కగా, పుల్లగా ఉంటుంది. పెరుగులో కొద్దిగా నీళ్ళు కలిపి చిలికితే దగ్గరకు వస్తుంది.

సరే, బ్రెడ్ దగ్గరకు వద్దాం. పొంగిన పిండిని, మైదా బాగా చల్లిన పీట మీదకు దించి, నాలుగు వైపుల నుంచీ మధ్యలోకి మడిచి, మడతలు కిందికి వచ్చేలా తిప్పి, బట్ట కప్పి గంటా రెండు గంటలు ఉంచాలి. ఎండాకాలంలో ముప్పావు గంట చాలు. ఈలోగా ఒక బరువైన ఇనప గిన్నెను మూతతో సహా ఓవెన్‌లో పెట్టి, 230 డిగ్రీల దగ్గర అరగంట కాగనివ్వాలి. గిన్నెకు గానీ మూతకు గానీ ప్లాస్టిక్, చెక్క పిడులు ఉండకూడదు. ఆ కాగిన గిన్నెలో పిండి జాగ్రత్తగా వేసి, మూత పెట్టి అరగంట, మూత తీసి ఇంకో పదిహేను నుంచి ఇరవై నిమిషాలు కాల్చాలి. చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి.

లేహీ రెసిపీలో అసలు తెలివి నాకు ఈ మూతలోనే కనిపిస్తుంది. పెద్ద బేకరీల ఓవెన్లలో ఆవిరి పంపే ఏర్పాటు ఉంటుంది. ఆవిరి ఉంటే బ్రెడ్ పై పొర వెంటనే గట్టిపడదు, లోపలి గాలి దాన్ని పైకి నెట్టేదాకా మెత్తగా సాగుతుంది. ఇంటి ఓవెన్‌లో ఆ సౌకర్యం లేదు. అయితే పిండిలోనే బోలెడు నీళ్ళున్నాయి కదా. మూత పెడితే ఆ ఆవిరి బయటికి పోకుండా గిన్నెలోనే తిరుగుతుంది. మూత తీశాక పై పొర ఆరి, ఎర్రగా కాలి, కరకరలాడుతుంది.

మూత కింద నెమ్మదిగా కాల్చడం అనగానే నాకు గోదావరి జిల్లాల దిబ్బరొట్టె గుర్తొస్తుంది. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో లావుగా పోసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచుతారు. కట్టెల పొయ్యిల రోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్ళు, పై నుంచీ కింద నుంచీ కాలాలని. ఓటీజీలో పైనొక రాడ్, కిందొక రాడ్ చేసే పని అదే. ఓవెన్ లేని ఇంట్లో మన పెద్దవాళ్ళు నిప్పులతో సాధించారు. అందుకే బేకింగ్ మనది కాదు అనే మాట నేను ఒప్పుకోను.

బ్రెడ్ బయటికి తీశాక వెంటనే కోయకండి. ఆ వాసనకు ఇల్లంతా వచ్చి నిలబడుతుంది, పిల్లలు ఆగరు, నిజమే. కానీ లోపల ఇంకా తడి సర్దుకుంటూ ఉంటుంది, అప్పుడే కోస్తే బంకబంకగా వస్తుంది. జాలీ మీద పెట్టి గంట ఆగండి. ఆ గంటలో ఒకసారి చెవి దగ్గరగా పెట్టి వినండి. చల్లారుతూ పై పొర చిటపటమంటుంది. ఇంత దూరం వచ్చిన వాళ్ళకు దొరికే ఆనందం అది, కొన్న బ్రెడ్‌లో ఎక్కడా ఉండదు.

జామ్, వెన్నతో తినండి, బాగుంటుంది. నాకైతే వేడి టమాటా పప్పులో ముంచుకోవడం ఇష్టం. మర్నాడు కాస్త గట్టిపడితే ముక్కలు పెనం మీద నేతితో కాల్చి, పైన ఆవకాయ ఊట రాయండి.

ఈ వారాంతంలో చేసి చూడండి. చేశాక కింద రాయండి: మీది ఏ ఊరు, ఏ మైదా, మొదటి పొంగుకి ఎన్ని గంటలు పట్టింది. విశాఖ ఉక్కపోతకూ, ఆదిలాబాద్ చలికీ, డల్లాస్‌లో ఏసీ వేసిన వంటింటికీ ఎంత తేడా వస్తుందో చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. అవన్నీ ఒకచోట చేర్చి, ఊరూ, నెలా ప్రకారం పట్టిక చేసి వచ్చే వీడియోలో పెడతాను.