డగ్లస్ స్టూవర్ట్ 'షగ్గీ బెయిన్': తాగుడుకు బలైన అమ్మ కోసం ఒక నవల

నమస్కారమండీ. ఈరోజు నా చేతిలో ఉన్నది 'షగ్గీ బెయిన్'. స్కాట్లాండ్ రచయిత డగ్లస్ స్టూవర్ట్ మొదటి నవల. 2020లో దీనికి బుకర్ బహుమతి వచ్చింది.

కథలోకి వెళ్లేముందు ఆయన గురించి కొంచెం. 1976లో గ్లాస్గోలో పుట్టారు. తండ్రి దగ్గర లేడు. తల్లిది తాగుడు వ్యసనం, ఆయనకు పదహారేళ్లప్పుడు దానికే బలైపోయింది. పుస్తకాలు లేని ఇల్లు. కాలేజీలో చదివింది టెక్స్‌టైల్స్. తర్వాత న్యూయార్క్ వెళ్లి కాల్విన్ క్లైన్, రాల్ఫ్ లారెన్ లాంటి ఫ్యాషన్ కంపెనీల్లో డిజైనర్‌గా పనిచేశారు. ఉద్యోగం చేసుకుంటూనే పదేళ్లు ఈ నవల రాశారు. ముప్పైకి పైగా ప్రచురణకర్తలు వద్దన్నారు.

బట్టలు తెలిసిన ఆ కన్ను నవలంతా కనిపిస్తుంది. కథలోని కుర్రాడు షగ్గీ. అతని తల్లి ఆగ్నెస్ రాత్రంతా తాగినా సరే, జుట్టు సర్దుకుని, లిప్‌స్టిక్ వేసుకుని, మంచి కోటు తొడుక్కున్నాకే గడప దాటుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు అది పొగరు. నాకైతే ఆమె దగ్గర మిగిలిన ఆఖరి ఆస్తిలా అనిపించింది.

1980ల గ్లాస్గో. బ్రిటన్ ప్రధానిగా థాచర్ ఉన్న కాలం, గనులు మూతపడుతున్నాయి. టాక్సీ నడిపే భర్త ఆగ్నెస్‌ను, పిల్లల్ని ఓ గని కాలనీలో దింపేసి వెళ్లిపోతాడు. పెద్ద పిల్లలు ఒక్కొక్కరే దూరమవుతారు. అమ్మను తనే బాగుచేయగలనని నమ్మిన షగ్గీ మాత్రం ఉండిపోతాడు.

ఒక చోట ఆగ్నెస్ ఏడాదిపాటు మందు మానేస్తుంది. అప్పుడు యూజీన్ అనే స్నేహితుడు ఒక్క గ్లాసుకి ఏమీ కాదులే అని ఒప్పిస్తాడు. అక్కడ నేను పుస్తకం మూసేశాను. అతను దుర్మార్గుడు కాదండీ, ఆమె అందరిలా ఉంటే చూడాలనుకున్నాడు, అంతే. అందుకే అంత బాధ.

మధ్యభాగం బరువుగా సాగుతుంది, తాగడం, ఏడవడం, మళ్లీ తాగడం. కానీ ఆ ఇంట్లో రోజులు గడిచేది అలాగే కదా.

గ్లాస్గో యాస మొదట్లో తికమక పెడుతుంది. అక్కడ 'గ్రీటింగ్' అంటే ఏడవడం! 1994లో స్కాట్లాండ్ రచయిత జేమ్స్ కెల్మన్ ఇదే యాసలో నవల రాసి బుకర్ గెలిచారు. తన మనుషుల మాటను అచ్చులో చూసిన తొలి సందర్భాల్లో ఆ నవల ఒకటని స్టూవర్ట్ చెప్పారు.

2022లో స్టూవర్ట్ రెండో నవల 'యంగ్ మంగో' వచ్చింది. మీరు మాత్రం 'షగ్గీ బెయిన్'తోనే మొదలుపెట్టండి. ఇంట్లో తాగుడు చూసి పెరిగినవాళ్లయితే రాత్రిపూట ఒంటరిగా వద్దు, పగలు చదవండి.