చీకటి పడ్డాక ఆ ఊళ్లో ఎవరుంటారు?

అందరికీ నమస్కారం.

సాయుధ తిరుగుబాటు నడుస్తున్న ప్రాంతంలో ఒక ఊరు. మధ్యాహ్నం గస్తీ దళం వస్తుంది. అధికారి నేరుగా ఊరి పెద్ద ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని అరగంట మాట్లాడతాడు. రోడ్డు వేయిస్తామంటాడు, డాక్టరును పంపిస్తామంటాడు. అన్నీ మంచి మాటలే. జీపులు వెళ్లిపోతాయి. చీకటి పడ్డాక ఇంకొకరు వచ్చి తలుపు తడతారు. "వాళ్లతో అరగంట ఏం మాట్లాడావు?" అంటారు. ఆయన ఏం చెప్పినా నమ్మరు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడిపోయింది. ఆ పలకరింపే ఆయన మెడకు ఉచ్చు అయింది.

ప్రజల మనసు గెలవాలని మనం తరచూ అంటుంటాం. నాకు ఆ మాట తృప్తినివ్వదు. ఆ ఊరివాళ్లు ఎవరిని ప్రేమించాలా అని ఆలోచించడం లేదు, రేపు తెల్లవారేసరికి ఎవరు బతికి ఉంటారా అని ఆలోచిస్తున్నారు. తమను కాపాడేవాళ్లు రాత్రికీ ఉంటారని తేలేదాకా నోరు విప్పరు. అలా మౌనంగా ఉన్నవాళ్లను తిరుగుబాటుదారుల మద్దతుదారులని లెక్కకట్టడం పెద్ద తప్పు.

"హృదయాలు, మనసులు" అన్న మాట వినగానే 1952లో, కమ్యూనిస్టు తిరుగుబాటు నడుస్తున్న మలయాకు (నేటి మలేసియాలో భాగం) బ్రిటిష్ హైకమిషనరుగా వెళ్లిన జనరల్ టెంప్లర్ పేరు చెబుతారు. కానీ అక్కడ జరిగిందంతా మెత్తని వ్యవహారం కాదు. సుమారు 5 లక్షల మందిని, వారిలో అత్యధికులు చైనా సంతతివాళ్లు, ఇళ్లు ఖాళీ చేయించి కంచెల మధ్య కట్టిన కొత్త గ్రామాలకు తరలించారు. 1957లో స్వాతంత్ర్యం రావడంతో తిరుగుబాటుదారుల చేతిలోని అతిపెద్ద నినాదం జారిపోయింది. స్వాతంత్ర్యమనే ఈ రెండో సగం వదిలేసి కంచెలను మాత్రమే అనుకరించినవాళ్లు దెబ్బతిన్నారు. దక్షిణ వియత్నాంలో 1962లో మొదలైన వ్యూహాత్మక గ్రామాల పథకం రెండేళ్లు తిరగకుండానే కుప్పకూలింది.

ఊరివాళ్ల చేతికే తుపాకులిస్తే సరిపోతుందన్న ఆలోచన ఇంకా ప్రమాదకరం. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వా జుడుం ఊళ్లను నిలువునా చీల్చింది. శిబిరానికి వచ్చినవాడు ఒక పక్షం, ఊళ్లోనే ఉండిపోయినవాడు శత్రుపక్షం. అరకొర చదువుతో, నామమాత్రపు శిక్షణతో గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ముందుకు నెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. అప్పటికే అన్నదమ్ముల మధ్య రక్తం పారింది. దాన్ని ఏ తీర్పూ తుడవలేదు.

ఇప్పుడు చెక్‌పోస్టు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పౌరుల ప్రాణాలు పోయేది భారీ యుద్ధాల్లోనే కాదు. సాయంత్రం మసక వెలుతురు. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచె. సైనికుడు పిడికిలి పైకెత్తాడు. అతని లెక్కలో దానర్థం "ఆగు". డ్రైవరుకు ఆ సైగే తెలియదు. వెనక సీట్లో నొప్పులు పడుతున్న భార్య, ఆస్పత్రి ఇంకా దూరం. బండి వేగం తగ్గలేదు. సైనికుడికి అది బాంబుల బండిలా కనిపించింది. ఆ రెండు క్షణాల్లో ఇద్దరిలో ఎవరిదీ దుర్మార్గం కాదు. అయినా ఒక కుటుంబం పోయింది. నివారణ కష్టమేమీ కాదు. మలుపుకు ముందే స్థానిక భాషలో పెద్ద అక్షరాల బోర్డు, బండి తనంతట తానే నెమ్మదించేలా రోడ్డు మీద అడ్డంకులు, మంచి దీపం, సైగలు తెలిసిన ఒక స్థానికుడు. ఇంత చిన్న ఏర్పాటు లేక జనం చనిపోతుంటే నాకు కోపం వస్తుంది.

పొరపాటు జరిగాక ఏం చెప్తామన్నది ఇంకో పరీక్ష. అఫ్గానిస్తాన్‌లో అంతర్జాతీయ దళాల అధిపతి మెక్‌క్రిస్టల్ 2009 జులైలో ఒక ఆదేశం ఇచ్చారు. ఇళ్ల మీద వైమానిక దాడులను గట్టిగా కట్టడి చేశారు. రెండు నెలలకే, సెప్టెంబరు 4న, కుందుజ్ దగ్గర ఏటి ఇసుకలో కూరుకుపోయిన రెండు ఇంధన ట్యాంకర్ల మీద బాంబులు పడ్డాయి. దాడి కోరింది జర్మన్ అధికారి, బాంబులు వేసింది అమెరికా విమానాలు. ఇంధనం పట్టుకోవడానికి చేరిన ఊరివాళ్లు పదుల సంఖ్యలో చనిపోయారు. పౌరులెవరూ చనిపోలేదన్నట్టుగా బెర్లిన్ మొదట మాట్లాడింది. నిజం బయటికొచ్చాక, దాడి నాటి రక్షణ మంత్రి నవంబరులో మంత్రివర్గం నుంచే తప్పుకున్నారు. శవాలను కడిగి పూడ్చినవాళ్లకు సంఖ్య ముందే తెలుసు. వాళ్ల ముందు అబద్ధమాడి తర్వాత సహకారం అడిగితే ఎవరిస్తారు?

రక్షణ అనేది సమాచారానికి బదులుగా ఇచ్చే వస్తువు కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం దేశం లోపలి సాయుధ ఘర్షణల్లోనూ వర్తిస్తుంది. ఆయుధం పట్టని మనిషి మనకు సహాయపడినా, పడకపోయినా అతన్ని మానవీయంగా చూడాల్సిందే.

చివరిగా మిజోరం. అక్కడి మిజో తిరుగుబాటును అణచడానికి 1966 మార్చి 5న ఐజ్వాల్ మీద మన విమానాలే దాడి చేశాయి. జనం పిల్లలను ఎత్తుకుని కొండల్లోకి పరుగెత్తారు. మరుసటి ఏడాది నుంచి ఊళ్లు ఖాళీ చేయించి రోడ్ల పక్కన గుంపుగా చేర్చారు. ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ ఒప్పందం కుదిరింది 1986 జూన్ 30న. తిరుగుబాటుకు నాయకత్వం వహించిన లాల్‌డెంగా ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి అయ్యారు. కొండల్లోకి పరుగెత్తిన పిల్లలు అప్పటికి తల్లిదండ్రులయ్యారు. మార్చి 5ను అక్కడ ఇప్పటికీ స్మరించుకుంటారు.